టెల్ అవీవ్ దారి పెడన మీదుగా

బందరు నుంచి పెడన పది కిలోమీటర్లే. మేం చేరేసరికి ఉదయం ఏడైంది. మా బావగారు అప్పటికే అద్దకం బల్లల దగ్గరున్నారు. ముప్పయ్యేళ్లుగా కలంకారీ గుడ్డల వ్యాపారం ఆయనది. బొంబాయి, ఢిల్లీ ఎగ్జిబిషన్లు కొట్టిన పిండి. దేశం దాటడం మాత్రం ఇదే తొలిసారి. ఇంటి అలంకరణ వస్త్రాలు అమ్మే టెల్ అవీవ్ దుకాణదారు ఒకాయన నమూనాలు పట్టుకుని రమ్మన్నారు. ప్రయాణం పది రోజుల్లో పడింది. ఆ ఏర్పాట్ల కోసం ఆయన తిరిగిన రెండు రోజులూ నేను వెంట ఉన్నాను.

బల్ల మీద పరిచిన గుడ్డ కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిసి ఆరి, లేత పసుపు రంగులో ఉంది. అద్దకం పనివాడు టేకు అచ్చును రంగు తట్టలో ఆనించి, గుడ్డ మీద అంచు చూసి పెట్టి, గుప్పిటితో గట్టిగా ఒక్క గుద్దు గుద్దాడు. తట్టలోవి తుప్పు ఇనుమూ బెల్లమూ కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లు. కరక్కాయ తగలగానే నల్లగా తేలాయి. అచ్చు ఎత్తేసరికి తీగ, దానికి రెండాకులు.

నమూనాలు ఏరేటప్పుడు బావగారు దేవతల బొమ్మలున్నవన్నీ పక్కన పెట్టారు. యూదు మతం విగ్రహారాధనను నిషేధిస్తుంది. నిష్ఠగా ఉండే ఇంట్లో అలాంటి గుడ్డ వేలాడదీయరు. తీగలు, పూలు, జీవవృక్షం మిగిలాయి. నిజానికి బందరు అద్దకానికి అసలు సొత్తు అదే. శ్రీకాళహస్తి కలం రామాయణ భారతాలు గీస్తే, ఇక్కడి అచ్చులు గోల్కొండ సుల్తానుల కోసం, పారశీక వర్తకుల కోసం లతలూ పూలూ అద్దాయి. 1611లో ఇంగ్లీషువాళ్లు బందరులో దిగి కొఠీ పెట్టేనాటికే ఈ తీరం ఎదుటివాడి ఆచారం తెలుసుకుని గుడ్డ తయారుచేయడం నేర్చింది. బావగారు ఇప్పుడు చేస్తున్నదీ అదే పని.

ఇంకో సంగతి కూడా ఉంది. యూదు ధర్మశాస్త్రం ఉన్నినీ అవిసెనారనూ కలిపి నేసిన బట్ట కట్టకూడదంటుంది. ఆ కలయికను 'షాత్‌నెజ్' అంటారు. మన గుడ్డ అచ్చమైన నూలు కాబట్టి ఆ చిక్కు లేదు.

మధ్యాహ్నం రైలెక్కి గుడివాడ దిగాం. హైఫా దగ్గర వృద్ధులను కనిపెట్టుకునే పనిలో తొమ్మిదేళ్లు ఉండి వచ్చిన ఒకావిడ అక్కడున్నారు. గోదావరి జిల్లాల నుంచీ తెలంగాణ నుంచీ ఈ పనికి అక్కడికి వెళ్లినవారు చాలామంది. హీబ్రూ వాళ్లు బడిలో చదువుకున్నది కాదు, వంటింట్లో, మంచం పక్కన నేర్చుకున్నది. నా మటుకు నాకు, ఇలాంటి ప్రయాణానికి వాళ్లకు మించిన గురువులు లేరు.

ఆవిడ కుడిచేతి అయిదు వేళ్లూ పైకి కూడదీసి ఆడించి, "ఇదేంటి అన్నయ్యగారూ?" అని అడిగారు. "అన్నం తిన్నారా అనేగా?" అన్నారు బావగారు. "అక్కడ దానికి 'కాస్త ఆగు' అని అర్థం. రెగా అంటారు. కోపం కాదు, కంగారుపడకండి" అని చెప్పారు. తర్వాత మాట ఇంకా విలువైనది. "ధర కుదరకపోతే కుదరదని మొహమ్మీదే చెబుతారు. మీరూ అలాగే చెప్పండి. మనలా 'చూద్దాం లెండి' అంటే నిజంగానే చూస్తారనుకుని ఎదురు చూస్తారు."

టికెట్ చూసి ఆవిడ తల అడ్డంగా ఊపారు. శుక్రవారం సాయంత్రం దిగేలా ఉంది. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా షబ్బాత్, వాళ్ల విశ్రాంతి దినం. రైళ్లు నడవవు, చాలా దుకాణాలు మూసేస్తారు. వాళ్ల పనివారం ఆదివారంతో మొదలవుతుంది. బస ఖాయం చేసుకునేటప్పుడే మందపు గోడల రక్షణగది, 'మామాద్', ఎక్కడుందో అడగమన్నారు. 2023 అక్టోబరులో యుద్ధం మొదలయ్యాక ఇలా అడగడం తప్పనిసరి. మన విదేశాంగ శాఖ సూచనలు బయల్దేరే రోజు కూడా చూసుకోవాలి.

మర్నాడు హీబ్రూ రాత చూడ్డానికి దివిసీమ మీదుగా వెళ్లాం. చల్లపల్లి దగ్గర ఘంటసాల తగిలింది. రెండో శతాబ్దంలో టాలెమీ రాసిన కంటకసీల రేవు ఇదే. ఇప్పుడు చుట్టూ వరిచేలే. పులిగడ్డ వంతెన మీద కృష్ణ దాటితే పెనుమూడి, రేపల్లె. అక్కణ్నుంచి తెనాలి మీదుగా చేబ్రోలు పక్కనున్న కొత్తరెడ్డిపాలెం చేరాం.

ఇక్కడి బెనె ఎఫ్రాయిమ్ కుటుంబాలు తెలుగే మాట్లాడతాయి, యూదు ఆచారాలు పాటిస్తాయి. సాదోక్ యాకోబి, షమూయేల్ యాకోబి సోదరుల చొరవతో 1991లో ఇక్కడ సినగాగ్ వెలిసింది. ఇజ్రాయెల్ వీరిని అధికారికంగా యూదులుగా గుర్తించలేదు. అయినా హీబ్రూ ప్రార్థనలు నేర్చుకుంటూనే ఉన్నారు. ఆ పట్టుదల ముందు చేతులు జోడించాలనిపించింది.

ఒక పెద్దాయన కాగితం మీద కుడి నుంచి ఎడమకు అక్షరాలు రాసి చూపించారు. మొత్తం 22. మామూలు రాతలో గుణింతపు గుర్తులు వేయరు. తలకట్టు, గుడి, కొమ్ము అన్నీ చదివేవాడే పట్టుకోవాలి. తర్వాత మాటల సంగతి చెప్పారు. బైబిల్లోని ఎస్తేరు గ్రంథంలో నూలుబట్టకు వాడిన 'కర్పస్' అనే మాట మన సంస్కృత కార్పాసం నుంచి వెళ్లిందే. సొలొమోను ఓడలు తెచ్చిన నెమళ్ల పేరు 'తుక్కి' తమిళ తోకై నుంచి వచ్చిందని చాలామంది భాషావేత్తలు చెబుతారు. తోకై మన తోకకు తోబుట్టువే. అది వినగానే బావగారి ముఖంలో రెండు రోజుల బెరుకు పోయింది.

తిరుగుదారిలోనే టికెట్ మార్పించారు. గురువారం గన్నవరంలో విమానం ఎక్కి, ఢిల్లీ మీదుగా వెళ్తారు. వీసా బి/2 రకం, వ్యాపారపు మాటలకు అది చాలు. ప్రతి నమూనాకూ ఒక అట్టముక్క కట్టారు. దానిమీద కుడి నుంచి ఎడమకు, నేటి హీబ్రూలో ఉంది: 'మేఆ అఖూజ్ కుత్నా'. నూటికి నూరు పాళ్లు నూలు అని. మొదటి దుకాణంలో మాటలు ఆదివారం ఉదయం పదింటికి.