శంషాబాద్ నుండి జిద్దాకు

శంషాబాద్ విమానాశ్రయం నుండి జిద్దాకు ఆకాశమార్గాన దూరం సుమారు 4,100 కిలోమీటర్లు. నేరుగా వెళ్ళే విమానానికి దాదాపు 6 గంటల ప్రయాణం. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక ఉంటుంది. కనుక ఉదయం 10 గంటలకు బయలుదేరినవారు అక్కడి కాలమానం ప్రకారం మధ్యాహ్నం ఒకటిన్నరకే దిగుతారు.

పూర్వం బొంబాయి నుండి ఓడలో వెళ్ళే హాజీలకు సిద్ధపడేందుకు ఎన్నో రోజుల వ్యవధి ఉండేది. 1995తో ఆ ఓడలు ఆగిపోయాయి. నేడు విమానం మీఖాత్ సరిహద్దును నిమిషాల్లో దాటిపోతుంది. అది జిద్దాలో దిగకముందే వస్తుందని అధికసంఖ్యాక పండితుల అభిప్రాయం. అందుచేత హజ్, ఉమ్రా యాత్రికులు ఇహ్రామ్ వస్త్రాలను సామానుతో పంపివేయక, ముందే ధరించి విమానమెక్కడం మేలు. మీఖాత్ సమీపించగానే నియ్యత్ చేసుకొని తల్బియా పఠించాలి.

ఓడ ఇచ్చిన తీరికను విమానం ఇవ్వదు. ఆ సంసిద్ధత ఇంటి గడపలోనే ఆరంభం కావాలి.