కామాఠిపురలో మనియార్డరు లెక్క

గ్రాంట్ రోడ్ స్టేషనులో దిగి తూర్పువైపు కాసేపు నడిస్తే కామాఠిపుర వస్తుంది. ఆ పేరు వినగానే ముఖం తిప్పుకునేవారు ఉన్నారు. కాని ఆ పేరు మనవాళ్ళ నుండి వచ్చినదే. 18వ శతాబ్దం చివర బొంబాయి దీవులను కలుపుతూ కట్టలు, రోడ్లు వేసిన రోజుల్లో తెలుగు నేల నుండి వచ్చిన కూలీలను కామాఠీలన్నారు. వాళ్ళు స్థిరపడిన పల్లపు నేలే ఈ పేట. ఇక్కడి గల్లీలను నంబర్లతోనే పిలుస్తారు.

నా బాల్యం అక్కడి ఒక చాల్‌లోనే గడిచింది. నాన్న మేస్త్రీ పని చేసేవారు. కూలి డబ్బులు అందిన సాయంత్రం వరండాలో నా ముందు మనియార్డరు ఫారాలు పేరుకునేవి. చదువుకునే పిల్లవాణ్ణి కనుక రాసే పని నాది. నూటికి ఐదు రూపాయలు కమీషను. "అయిదు రూపాయలంటే రెండు పూటల తిండి కదరా" అని నాన్న గొణిగేవారు. అందుకే ఒకసారి ఊరికి పోతున్న మనిషి చేతికి ఇచ్చి పంపారు. దారిలో రైల్లో ఆ మూట పోయింది. ఆ తరువాత కమీషను గురించి ఆయన నోరెత్తలేదు.

మొన్న అదే వాడలో ఉన్న పెద్దమ్మను చూడబోయాను. ఆమె మనుమడు వారం రోజుల్లో దుబాయి పనికి పోతున్నాడు.

"మొదటి జీతం వచ్చేదాక ఖర్చులకని కార్డుల ముప్పై వేలు ఏసిన కొడుకా. జర జూడు, అక్కడ ఎల్తయా?" అంది పెద్దమ్మ. అందులో సగం అప్పు తెచ్చినదే.

"వెయ్యి వెయ్యి తీసుకుంట కాకా, ఒకేసారి తీస్తే ఖర్చయిపోతయి" అన్నాడు కుర్రవాడు.

కాగితం తీసి లెక్క వేశాను. విదేశంలో మన కార్డుతో డబ్బు తీస్తే తీసిన ప్రతిసారీ ఒక రుసుము, దానిపైన మారకపు రుసుము పడతాయి. తీసినప్పుడల్లా 150 రూపాయలు, మారకానికి నూటికి మూడున్నర అనుకుందాం. పదివేలు ఒకేసారి తీస్తే 500 పోతుంది, అంటే సరిగ్గా నాన్న మనియార్డరు కమీషనే. వెయ్యి చొప్పున పదిసార్లు తీస్తే 1850! పన్ను, అక్కడి బ్యాంకు రుసుము ఉంటే అవి వేరు.

వాడికి నాలుగు మాటలు రాసిచ్చాను. బయలుదేరే ముందే బ్యాంకులో రుసుములు అడుగు. కార్డు విదేశాల్లో పనిచేసేలా చేయించుకో. 2020 నుండి కొత్త కార్డులు మనం అడిగితేనే బయట పనిచేస్తాయి. మిషను "రూపాయల్లో లెక్క కట్టమంటారా" అని అడిగితే వద్దని దిర్హమ్‌లే ఎంచుకో. రూపాయలంటే వాళ్ళు చెప్పిందే ధర. మొదటి రోజుల ఖర్చుకు లైసెన్సున్న చోట కొన్ని దిర్హమ్‌లు కొనుక్కొని రసీదు దాచుకో.

"మొత్తం నోట్లే పట్కపోతే ఏ రుసుమూ ఉండదు గద కాకా?" అన్నాడు.

నాకు నాన్న మూట గుర్తుకొచ్చింది. ఆ కథ చెప్పాను. పెద్దమ్మ అంతా విని, "మీ నాయిన ఆ రాత్రి అన్నం ముట్టలేదు బిడ్డా" అంది.

కుర్రవాడు ఆ కాగితాన్ని మడిచి పాస్‌పోర్టులో పెట్టుకున్నాడు.