మొహమాటం విమానమెక్కితే

మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలు దిగి ఆటో ఎక్కితే, ఇల్లు చేరేలోగా మన మూడు తరాల చరిత్ర డ్రైవరు చేతికి వచ్చేస్తుంది. ఏ ఊరు, ఎవరింటికి, అబ్బాయి ఏం చేస్తున్నాడు, జీతమెంత, ఇంకా పెళ్లెందుకు చెయ్యలేదు? అడగడం ఆయన హక్కు, చెప్పడం మన మర్యాద. గిద్దలూరులోనూ కంభంలోనూ ఇదే వరస. పట్నం వాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీ, ఈ పక్క మనిషికి కాపలా అదే. ఫలానా వాళ్ల తాలూకు అని తెలిశాక, హోటల్లో మర్చిపోయిన సంచి కూడా దారి అడుగుతూ ఇల్లు చేరుతుంది.

చిక్కంతా ఈ అలవాటుతో బ్యాంకాక్‌లో దిగినప్పుడే.

అక్కడ గ్రాండ్ ప్యాలెస్ చూడ్డానికి వెళ్తుంటే, ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకడు నవ్వుతూ ఎదురొస్తాడు. ఇండియానా, ఎప్పుడొచ్చారు, ఎక్కడ దిగారు, ఎన్నాళ్లుంటారు? అన్నిటికీ మనం బుద్ధిగా జవాబు చెబుతాం. అప్పుడు బయటపెడతాడు: ‘అయ్యో, ప్యాలెస్ ఇవాళ మూత. ఏదో పూజ ఉంది. ఈలోపు వేరే గుళ్లు చూసి రండి, మావాడి టుక్‌టుక్ ఉంది, ఇరవై బాత్‌లిస్తే చాలు.’ ఒక గుడి చూపిస్తారు. ఆ తర్వాత బండి ఆగేది రత్నాల కొట్టు ముందు. ఇవాళ ఒక్కరోజే తగ్గింపు, ఊరికి తీసుకెళ్లి అమ్మితే రెట్టింపు లాభం అంటారు. పలక రాయిని చేత్తో తడిమి నాణ్యం చెప్పే మా ఊరి మనిషి కూడా నీలం రాయి ముందు పసివాడే. ఈ నాటకం వయసు దశాబ్దాలు. అపరిచితుల మాట నమ్మొద్దని ప్యాలెస్ దగ్గర హెచ్చరికలూ ఉన్నాయి. తెరిచి ఉందో లేదో పది అడుగులేసి గేటు దగ్గర చూస్తే తేలిపోతుంది. కానీ అంత మర్యాదగా చెప్పిన మనిషిని అనుమానించడమెలా? ఇదిగో, ఇదే మన జబ్బు. పరాయి నగరంలో మనల్ని ముంచేది చీకటి సందు కాదు, మొహమాటం.

చీకటి సంగతి మాకు కొత్త కాదు. దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లేవాళ్లెవర్నైనా అడగండి. రాత్రి తొమ్మిది దాటితే చెక్‌పోస్టు గేటు పడిపోతుంది, మళ్లీ తీసేది పొద్దున ఆరింటికే. పులుల అడవి కదా! ఎంత తొందరున్నా, ఎవరి పేరు చెప్పినా వదలరు. పూర్వం ఈ నల్లమల కనుమల్లో బాటసారుల రక్షణకు చెంచులనే తలారులుగా పెట్టేవారు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా శ్రీశైలం మీదుగానే వెళ్లాడు, వెంట దాదాపు వందమంది పరివారంతో. ఇప్పుడు మనకు పరివారం ఫోనొక్కటే. అది జారిపోతే హోటలు పేరూ తెలియదు, ఇంటి నంబరూ నోటికి రాదు. పైగా మహానగరంలో తొమ్మిదింటికి గేటు వేసి ‘ఇక పడుకో పో’ అనేవాడుండడు. ఆ గేటు మనమే వేసుకోవాలి.

దుబాయ్ వెళ్లేవాళ్లకు ప్రమాదం వంటింట్లోనే మొదలవుతుంది. ప్రయాణమంటే మా ఇళ్లలో పొడులు కొట్టడం, పచ్చళ్లు కట్టడం, వాటి మీద మసాలా డబ్బా. ఆ మసాలాలో గసగసాలుంటే అక్కడ నేరం. నల్లమందు మొక్క గింజలని యూఏఈలో వాటిని నిషేధించారు. అమ్మ చికెన్‌లోకని కట్టిందంటే కస్టమ్స్ వాళ్లు వినరు. నొప్పికి వాడే ట్రమడాల్, దగ్గు మందులో ఉండే కోడీన్ కూడా ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. డాక్టరు చీటీ మందుల పక్కనే పెట్టుకోవాలి.

అంతకంటే పెద్ద గండం పొట్లం. విమానానికి ముందురోజు సాయంత్రం తెలిసినాయన ఒకరొస్తారు. ‘అబ్బయా, మా బామ్మర్ది అక్కడే ఉండాడు, ఈ పచ్చడి డబ్బా కాస్త అందించు, ఎయిర్‌పోర్టుకే వచ్చి తీసుకుంటాడు.’ కాదంటే ఏమనుకుంటారో! ఇలా మోసుకెళ్లిన పొట్లాల్లో గంజాయి దొరికి, లోపల ఏముందో తెలియని తెలుగువాళ్లు గల్ఫ్ జైళ్లలో మగ్గిన సంగతులు పేపర్లలో చూస్తూనే ఉన్నాం. పెట్టె ఎవరి చేతిలో ఉంటే నేరం వాళ్లదే. డబ్బా తెరిచి చూపించమనండి. నొచ్చుకుంటే నొచ్చుకుంటారు.

రోడ్డు దాటడం మాటా చెప్పాలి. మనకు చెయ్యి ఎత్తితే లారీ ఆగుతుందని నమ్మకం. బ్యాంకాక్‌లో బండ్లు మనలాగే ఎడమ పక్కన పోతాయి, దుబాయ్‌లో కుడి పక్కన. అక్కడ అలవాటు కొద్దీ మనం కుడివైపు చూస్తూ అడుగేస్తే, కారు ఎడమ నుంచి వస్తుంది.

ఇంకొక మొహమాటం ఉంది, అది ఊళ్లోనే మొదలవుతుంది. టికెట్టు నేనే పెట్టుకుంటా, డేటా ఎంట్రీ ఉద్యోగం, ముందు టూరిస్టు వీసా మీద పోదాం అని ఎవడో అంటాడు. 2024 మేలో కంబోడియాలోని సిహనౌక్‌విల్‌లో వందలమంది భారతీయులు తిరగబడ్డ సంగతి గుర్తుందా? ఉద్యోగమని పిలిచి పాస్‌పోర్టులు లాక్కుని, సొంత దేశస్థులనే ఫోన్లో మోసం చెయ్యమని కూర్చోబెట్టారు. వాళ్లలో ఉత్తరాంధ్ర కుర్రాళ్లు చాలామంది. విశాఖ పోలీసులు ఏజెంట్లను పట్టుకున్నాకగానీ మనకు లోతు తెలియలేదు. టూరిస్టు వీసా మీద ఉద్యోగమంటే మోసమే, చెప్పేది మేనమామైనా సరే.

పాస్‌పోర్టు పోతే మాత్రం కంగారుపడక్కర్లేదు. పోలీసు ఫిర్యాదు కాగితం పట్టుకుని మన రాయబార కార్యాలయానికి వెళ్తే, ఇంటికి తిరిగి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. నకలు వేరే సంచిలో ఉంటే ఆ పని తొందరగా అవుతుంది.

మీ ఇంట్లో ఎవరైనా విదేశం బయల్దేరుతుంటే ఒక కాగితం తీసుకోండి. హోటలు చిరునామా, రాయబార కార్యాలయం నంబరు, ఇంటి నంబరు పెన్నుతో రాయండి. బ్యాంకాక్ అయితే టూరిస్టు పోలీసు 1155, దుబాయ్ అయితే పోలీసు 999 కూడా చేర్చండి. దాన్ని ఫోను కవర్లో కాదు, చొక్కా జేబులో పెట్టి పంపండి.