పొడపత్రి ఆకు

ఇంట్లోవారికి కూడా తెలియకుండా నాలుగు నెలలు నేను షుగరు మాత్రలు మానివేశాను.

భద్రాచలం అడవి అంచున ఒక కోయగూడెములో గృహప్రార్థన ముగిశాక, ఒక పెద్దమ్మ కంచెమీది తీగనుండి రెండాకులు తెంపి నమలమన్నది. పొడపత్రి. తరువాత బెల్లంముక్క చేతిలో పెట్టింది. నోట్లో ఇసుక వేసుకున్నట్లున్నది! ఉప్పు, పులుపు మాత్రము తెలిసినవి. దీనినే వైద్యగ్రంథములలో మధునాశిని అంటారు. నాలుకమీద తీపిని చంపేది రక్తములోనూ చంపదా అనుకున్నాను.

ఖమ్మంలో పొడి పొట్లము కొన్నాను. పూటకొక చెంచా. అంతటితో ఊరుకున్నానా? హిజ్కియా పుండుకు యెషయా అంజూరపు ముద్ద పెట్టించలేదా అని ఆరాధనలోనే చెప్పాను. ముగ్గురు నా మాట విని కొనుక్కున్నారు.

రాత్రులు దాహము, మాటిమాటికి లేవడము. కాలిలో దిగిన తుమ్మముల్లు గాయము నెలైనా మానలేదు. పరగడుపున పరీక్ష చేస్తే షుగరు 312.

డాక్టరుగారు కోప్పడలేదు. ఆకులోని పదార్థము నాలుకపై తీపిని పసిగట్టే చోట్లను అరగంటో గంటో మూసివేస్తుందట, అంతే. రక్తము సంగతి వేరు. 1990లో మద్రాసు పరిశోధకులు 22 మందికి రోజుకు 400 మిల్లీగ్రాముల ఆకుసారము 18 నుండి 20 నెలలు ఇచ్చి చూశారు. కొందరికి మాత్రల మోతాదు తగ్గింది, ఐదుగురు మానగలిగారు కూడా. కాని అది మాత్రలతో పాటు, పరీక్షలు చేస్తూ ఇచ్చినది. ఇరవైరెండు మందే! పైగా మాత్ర, ఆకు కలిసి షుగరును మరీ దించివేస్తే కళ్లు తిరిగి పడిపోవచ్చు గనుక డాక్టరుకు చెప్పకుండా వాడరాదన్నారు. నా పొట్లములో ఆకు ఎంతో, మరేమున్నదో ఎవరికి తెలుసు?

గూడెమునకు వెళ్లి పెద్దమ్మకు చెప్పాను. ఆమె నవ్వి, గూట్లోనుండి మాత్రల అట్ట తీసి చూపింది. ఆశా కార్యకర్త తెచ్చి ఇస్తుందట.

"మాత్రలు మానమని నేనన్నానా అయ్యగారూ? నాలిక్కి తీపి తెలవకుండా చేసిద్దని చూపిచ్చిన."

నిజమే. ఆమె అనలేదు, నేనే అన్నాను.

ఆ ఆదివారము సంఘము ఎదుట జరిగినది ఒప్పుకొన్నాను. సిగ్గువేసింది. తరువాత ఆ ముగ్గురి ఇండ్లకు బయలుదేరాను. ఇద్దరు పొడి పక్కన పెట్టి పరీక్షకు వచ్చారు. మూడవ సహోదరి మాత్రము, "మీరు వాక్యము చూపి చెప్పారు గదా అయ్యగారూ, ఇప్పుడు కాదంటారేమి?" అన్నది. రేపు మరల వెళ్తున్నాను.