గాలి మీద పెట్టిన నేరం

మా తాత జన్మలో ఒకే ఒక్క అబద్ధమాడాడని మా ఇంటిల్లిపాదికీ నమ్మకం. ఎడ్ల బేరంలో గూడా నిజం చెప్పి నష్టపోయిన మనిషి ఆయన. అటువంటివాడు వేట మాట వచ్చేసరికి మాత్రం, "నా చెయ్యి వణకలేదురా, గాలి తోసేసింది" అనేవాడు. వెంటనే వంటింట్లోంచి మా అవ్వ, "ఆడలేక మద్దెల ఓడు అన్నదట!" అని అందుకునేది. పిల్లలం గొల్లున నవ్వేవాళ్ళం. తాత నవ్వేవాడు కాడు.

1968లో, సంక్రాంతి వెళ్ళిన కొద్దిరోజులకు జరిగిందిది. గిద్దలూరుకు పడమరగా, నల్లమల అంచున మా ఊరు. చేల మీద పడే పందుల కోసమని తాత దగ్గర రెండు గొట్టాల పన్నెండు బోరు తుపాకి వుండేది. వేట మీద ఇప్పటి నిషేధం ఇంకా రాని రోజులవి. ఒకనాటి సాయంకాలం, తోడుగా ఒక చెంచు పెద్దాయనను తీసుకుని, వాగు గట్టున పొదచాటున కూర్చున్నాడట. ఆవలి మెరకమీద కణుజు వచ్చి నిలబడింది. (నిఘంటువులు కడితి అంటాయి, మా వైపు కణుజంటేనే తెలుస్తుంది.) దూరం నూటయాభై గజాలు. అంత దూరంలో గుండు కిందికి జారుతుందని తాతకు తెలుసు. అందుకని వీపుకు జానెడు పైకి పట్టి, ఊపిరి బిగబట్టి, మీట నొక్కాడు. కిందికి జారడం ఆయన అనుకున్నట్టే జారింది గాని, ముందుకాలి వెనక తగలవలసిన గుండు పోయి కడుపులో తగిలింది.

కణుజు పడలేదు. పరుగెత్తింది. ఆ రాత్రి లాంతర్లు పట్టుకుని వెతికారు. మర్నాడు వెతికారు. మూడోనాడు ఒక బండమీద నెత్తుటి చుక్కలు ఆగిపోయాయి. ఆ తరువాత తాత మళ్ళీ తుపాకి ముట్టలేదు. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చాక, తీసుకువెళ్ళి పోలీసు స్టేషనులో అప్పగించి వచ్చాడు. 1996లో పోయేదాకా మాత్రం గాలి మీద నేరం మోపుతూనే వున్నాడు.

నేనూ అవ్వ పక్షమే. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఇంత సీసపు ముద్దను గాలి తోసెయ్యడమేమిటని నా వాదం. పోయిన సంవత్సరం దశరథుడి వేట పాఠం చెబుతున్నాను. శబ్దం విని బాణం వేశాడు, ఏనుగనుకుంటే మునికుమారుడు. గురి తప్పలేదు, గుర్తు తప్పింది. సందర్భం వచ్చింది గదా అని బాణానికున్న పేర్లన్నీ చెప్పాను. ఈకలు కట్టి వుంటుంది గనక పత్రి. వేగంగా పోతుంది గనక ఆశుగము. ఈ ఆశుగమనే మాటకు గాలి అని గూడా అర్థమున్నదని చెబుతూవుంటే మా తాత గుర్తుకు వచ్చి నాలో నేను నవ్వుకున్నాను.

ఆ నవ్వు స్టాఫ్ రూములో మా ఫిజిక్సు లెక్చరరుకు గూడా పంచుదామని కథంతా చెప్పాను. ఆయన నవ్వలేదు.

"గుండ్రటి గుండేనా మాస్టారూ?" అన్నాడు.

అవునన్నాను. పరీక్ష పేపరు వెనకవైపు తిప్పి లెక్కలు మొదలుపెట్టాడు.

పన్నెండు బోరంటే ఏమిటో నలభై ఏళ్ళు దాటినా నాకు తెలియదు. ఆ గొట్టానికి సరిపోయే సీసపు గుండ్లు పన్నెండు తూస్తే ఒక పౌను వస్తాయి; అదీ ఆ అంకె పుట్టుక. సరిగ్గా అటువంటి గుండునే, పౌనులో పన్నెండో వంతు బరువు, ముప్పాతిక అంగుళం మందం వున్నదాన్ని, బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషు గణితశాస్త్రవేత్త పరీక్షించి 1742లో పుస్తకం రాశాడు. అంతకుముందు పండితులు చాలామంది, పలుచనైన గాలి బరువైన గుండును ఏం చేస్తుందిలే అనుకునేవారు. అంటే మా అవ్వా, నేనూ అనుకున్నదే. రాబిన్స్ బరువైన కొయ్యదిమ్మెను లోలకంలాగా వేలాడగట్టి, దానిమీద కాల్చి, అది ఎంత ఊగిందో కొలిచి గుండు వేగం రాబట్టాడు. దగ్గరనుంచి ఒకసారి, దూరంనుంచి ఒకసారి కాల్చి చూస్తే దారిలో వేగమెంత పోయిందో తెలిసిపోయింది. సెకనుకు 1,670 అడుగుల వేగంతో పోయే ఆ గుండును గాలి ఎదురు తోసే బలం, గుండు బరువుకు దాదాపు 120 రెట్లు! ఈ పుస్తకాన్ని ఆయిలర్ అంతటి మహాగణితజ్ఞుడు 1745లో జర్మన్ భాషలోకి తెచ్చాడు.

ఇంకో చిత్రం చేశాడాయన. తుపాకి గొట్టం చివరను ఎడమవైపుకు కొంచెం వంచి కాల్చాడు. గుండు ఎడమకే పోవాలి గదా? పోయింది, కొంతదూరం. వరుసగా కట్టిన పలుచటి కాగితపు తెరల్లో పడ్డ చిల్లులను బట్టి చూస్తే, తరువాత కుడివైపుకు తిరుగుతూ పోయింది! గొట్టం గోడను ఒరుసుకుంటూ రావడంతో గుండు బొంగరంలా తిరిగింది, ఆ తిరుగుడుకు గాలి తోడై దారి మళ్ళించింది. నునుపు గొట్టంలో గుండు కాస్త వదులుగానే వుంటుంది. ఏ గోడకు తగిలి, ఏ వైపు తిరుగుతూ బయటపడుతుందో కాల్చినవాడి చేతిలో లేదు.

ఈ రాబిన్స్ కోటల పని చూడడానికి ఈస్టిండియా కంపెనీ కొలువులో మనదేశం వచ్చి, 1751లో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో పోయాడట. గాలి బలాన్ని తూచినవాడు మన తూర్పుతీరపు గాలిలోనే కన్నుమూశాడన్నమాట.

ఇక మా తాత గుండు. బయలుదేరేటప్పుడు సెకనుకు 1,250 అడుగుల వేగమనుకుందామన్నాడు మా లెక్చరరు. నూటయాభై గజాలు చేరేసరికి అందులో మూడోవంతు పోతుంది. వేగం మూడోవంతు పోతే దెబ్బలోని శక్తి సగానికన్నా తక్కువకు పడుతుంది. గాలే లేకుంటే ప్రయాణం సెకనులో నూటికి 36 పాళ్ళు. గాలి వుంది గనక 44. అడ్డగాలి గుండును తోసేది ప్రయాణమంతా కాదు, ఈ ఆలస్యమైన ఎనిమిది పాళ్ళు మాత్రమేనని లెక్క. గంటకు పది మైళ్ళ అడ్డగాలి, అంటే ఆకులూ పుల్లలూ కదిలేపాటిది, ఆ కాస్త సేపట్లోనే అడుగుకు పైగా జరిపేస్తుంది. అడుగంటే ముందుకాలి వెనకనుంచి కడుపుదాకా వున్న దూరం.

"మరి ఈ రోజుల్లో రైఫిళ్ళో?" అన్నాను, తాతకు మంచి తుపాకి దొరకలేదే అన్నట్టు.

అక్కడ గొట్టం లోపల మరచుట్టు గాడులుంటాయి. తూటా నిమిషానికి రెండు లక్షలకు పైగా చుట్లు తిరుగుతూ బయటికొస్తుంది. మా లెక్చరరుది అదొక క్రమశిక్షణ గల తిరుగుడట, కనక మొన ముందుకే వుంటుందట. బాణానికి ఈకలు చేసే పని ఇక్కడ ఆ తిరుగుడు చేస్తుంది. మొన సన్నగా దేలి వుండడంవల్ల గాలి తేలికగా చీలుతుంది, ఆలస్యం తగ్గుతుంది, తోపుడూ తగ్గుతుంది. అయినా మూడువందల గజాల దగ్గర అదే పది మైళ్ళ గాలికి ఇంచుమించు జానెడు పక్కకు పోతుందట. పైగా దారి పొడుగునా గాలి ఒక్కలాగా వీయదు. లోయలో ఒకటి, మెరకమీద ఒకటి.

"మీ తాతగారు అబద్ధం చెప్పలేదండీ" అని కాగితం నా చేతిలో పెట్టాడు.

నాకు కళ్ళు చెమర్చాయి. అవ్వ బతికి వుంటే ఆ రాత్రే బస్సెక్కి వుండేవాణ్ణి. ఆమె లేదు గనక సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు, ఎనిమిది మడతలు పడిన ఆ కాగితాన్ని మా నాన్నకు చూపించాను. కణుజును వెతికిన మూడు రోజులూ పన్నెండేళ్ళ పిల్లవాడుగా ఆయన తాత వెంటే తిరిగాడు. కళ్ళజోడు పెట్టుకుని, అంకెలన్నీ వేలితో తడుముతూ చివరిదాకా చదివాడు.

"గాలి తోసిన మాట నిజమేరా. నేనెప్పుడూ కాదనలేదు" అన్నాడు.

"మరి అవ్వ ఎగతాళి చేస్తుంటే ఎందుకు చెప్పలేదు నాన్నా?"

ఆయన కాసేపు వీధివైపు చూస్తూ వూరుకున్నాడు. తరువాత చెప్పాడు. మూడోనాడు చుక్కలు ఆగిపోయిన బండ దగ్గర తాత తలపట్టుకుని కూర్చుంటే, ఆ చెంచు పెద్దాయన నాన్నను పక్కకు పిలిచాడట. తాత తుపాకి ఎత్తినప్పుడు తాను ఒక ఎండుటాకును అరచేతిలో నలిపి, ఆ పొడిని తాత కళ్ళముందే వదిలానన్నాడట. పొడి వాగు వాలుకు కొట్టుకుపోయింది. "వద్దు సామీ, దూరం, గాలుంది" అన్నాడట. తాత విన్నాడు, చూశాడు, అయినా కాల్చాడు. ఈ ముక్క తాత ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. ఆయన చెప్పలేదు గదా అని నాన్నా చెప్పలేదు.

కాగితాన్ని పాత మడతల మీదే మళ్ళీ మడిచి నాకిచ్చాడు.

"ఆకుపొడి ఎంతదూరం కొట్టుకుపోతే ఎంత గాలో, దానికేమన్నా లెక్క వుందేమో మీ మాస్టారును అడుగు" అన్నాడు.