సంగీతం కూడా చదువే

ఇంటర్ ఫలితాలు రాగానే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సెంటర్లలో ఎక్కడ చూసినా ర్యాంకుల ఫ్లెక్సీలే. ఆ పిల్లల్లోనే చక్కగా పాడేవాళ్లు, తబలా వాయించేవాళ్లు ఎందరో ఉన్నారు. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో భేరీల మోత వింటూ పెరిగే నేల ఇది. లయ ఇక్కడి పిల్లల ఒంట్లోనే ఉంది. దాన్ని చదువుగా మార్చుకోవచ్చని చెప్పేవాళ్లే తక్కువ.

హైదరాబాద్ రాంకోఠిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల 1952 నుంచి ఉంది. సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులున్నాయి. పై చదువుకు 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం ఉంది. ఘంటసాల అంతటివాడు కూడా విజయనగరం సంగీత కళాశాలలో కూర్చుని చదువుకున్నవాడే!

కచేరీలు చేయాలంటే డిగ్రీ ఒక్కటే చాలదు, నిజమే. గురువు దగ్గర ఏళ్ల తరబడి సాధన కావాలి, ఆకాశవాణి ఆడిషన్‌లో గ్రేడ్ తెచ్చుకోవాలి. పాఠం చెప్పే ఉద్యోగానికైతే ముందు అడిగేది సర్టిఫికెట్టే. 2023 గురుకుల నియామకాల్లో సంగీతం టీచర్ పోస్టులు కూడా ఉన్నాయి. ఆ సంగతి మన ఊళ్లలో ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు?

నల్గొండ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంలో సంగీతానికి పూర్తిస్థాయి శాఖ ఉండాలని నా గట్టి కోరిక. మన ప్రజాప్రతినిధులు దీన్ని అడగాలి. మీ ఇంట్లో పాడే పిల్ల ఉంటే, ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు ముందు ఒక్కసారి రాంకోఠి తీసుకెళ్లి ఆ కాలేజీ చూపించండి.