నిండిన చెరువు, నింపిన ఏరు

ఇంగ్లీషు ముక్క రాదని చెప్పుకునే మనిషి రోజుకెన్ని ఇంగ్లీషు క్రియలు వాడతాడో తెలియాలంటే కంభం బస్టాండులో కాసేపు కూర్చుంటే చాలు. "ఏందన్నా, గిద్దలూరు బస్సు మిస్సయిందా? ఆ ఆటో స్టార్టవుతోంది చూడు. కొంచెం అడ్జస్టయితే టేషన్ కాడ డ్రాప్ చేస్తాడు." మిస్, స్టార్ట్, అడ్జస్ట్, డ్రాప్ నాలుగూ ఇంగ్లీషు మాటలే. అయినా ఇది అచ్చంగా మన మాట. లండన్ దొరకు వినిపిస్తే బిక్కమొహం వేస్తాడు. మాటలు అరువు తెచ్చుకున్నాం గానీ, వాక్యం కట్టే పద్ధతి మనదే ఉంచుకున్నాం.

ఈ అరువులో ఒక తమాషా ఉంది. నామవాచకానికి మన భాషలో ఇట్టే చోటు దొరుకుతుంది. చివర ఉకారం తగిలించుకుని బస్సు అవుతుంది. ఆపైన బస్సులు, బస్సుకి, బస్సులో అంటూ విభక్తులన్నీ పెట్టుకుని మనలో కలిసిపోతుంది. రోడ్డు, బల్బు, టికెట్టు అన్నీ ఆ దారినే వచ్చాయి. క్రియకు ఆ యోగం లేదు. "బండి స్టార్టాడు" అని ఎవరూ అనరు. ఇంగ్లీషు క్రియ తెలుగులోకి అడుగుపెట్టగానే నామవాచకంలా బిగుసుకుపోతుంది. పక్కన 'చేయు' గానీ 'అవు' గానీ నిలబడితేనే కదులుతుంది. ఇది మన ఒక్కరి ఆనవాయితీ కాదు. హిందీవాళ్లు 'కర్నా' చేరుస్తారు, జపాన్‌వాళ్లు 'సురు' చేరుస్తారు.

ఎక్కడ 'చేయు' పెట్టాలో, ఎక్కడ 'అవు' పెట్టాలో మనకు ఏ బడిలోనూ చెప్పలేదు. అయినా బండి స్టార్ట్ చేశాడనడానికీ, బండి స్టార్టయిందనడానికీ తేడా చదువురానివాడు కూడా తప్పడు. ఇంగ్లీషులో ఆ రెంటికీ స్టార్ట్ ఒక్కటే. వాళ్ల క్రియ చూపించని తేడాను మనం కోరి తెచ్చి పెట్టుకున్నాం. ఎందుకో తెలియాలంటే కంభం చెరువు కట్ట దాకా వెళ్లాలి.

గుండ్లకమ్మ ఏటికి అడ్డంగా, కొండల నడుమ, సుమారు 500 ఏళ్ల కిందట కట్టిన చెరువు మనది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ దాన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలో చేర్చింది. వానలు బాగా కురిసిన ఏడు "చెరువు నిండింది" అంటాం, "గుండ్లకమ్మ చెరువును నింపింది" అంటాం. తనంతట జరిగితే నిండు, ఒకరు జరిపిస్తే నింపు. ఆగు-ఆపు, మారు-మార్చు, విరుగు-విరుచు, దిగు-దింపు అన్నీ ఈ జంటలే. జరిగిందా, జరిపించారా అన్నది మన క్రియ తన రూపంలోనే చెప్పేస్తుంది. అలవాటు పడ్డ ప్రాణం గనుక, అరువు క్రియకు కూడా ఆ తేడా చూపించడానికి 'అవు', 'చేయు' కావలసి వచ్చాయి.

ఇంగ్లీషు ఆ సంగతిని ఇంకోలా చెబుతుంది. 'ది లేక్ ఫిల్డ్' అంటే చెరువు నిండింది. 'ది రివర్ ఫిల్డ్ ది లేక్' అంటే ఏరు చెరువును నింపింది. ఫిల్డ్‌లో అక్షరం మారలేదు. దాని తర్వాత ఒక నామవాచకం వచ్చి చేరింది, అంతే. స్టాప్, చేంజ్, బ్రేక్, ఓపెన్, బాయిల్ అన్నీ ఇదే వాటం. మనం క్రియ రూపంలో వెతికేది వాళ్లు క్రియ వెనకాల పెడతారు.

నామవాచకం సంగతీ అంతే. "మనిషి పులిని చూశాడు" అన్నా "పులిని మనిషి చూశాడు" అన్నా నల్లమలలో చూసినవాడు మనిషే. 'ని' అనే చిన్న విభక్తి ఆ పూచీ తీసుకుంటుంది. ఇంగ్లీషులో ఆ రెండు మాటలూ చోటు మార్చుకుంటే చూసేది పులి అవుతుంది. ఇంగ్లీషులో చోటే పదవి. వాటర్ అనే మాట ఒక చోట నీళ్లు, ఇంకో చోట 'వాటర్ ది ప్లాంట్స్' అంటూ నీళ్లు పోయడం. మన కంభం కూడా ఇలాంటిదే. సి.పి. బ్రౌను కడపలో ఉద్యోగానికి వచ్చిన 1820లో ఇది కడప జిల్లా. తర్వాత కర్నూలు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు. ఊరు అదే, ఎవరి కింద ఉందన్నదే మారుతూ వచ్చింది.

ఇప్పుడు పిల్లల నోట్సులు తెరిచి చూడండి. 'హి టీచర్' అని రాసినవాడు తెలివితక్కువవాడు కాదు. "ఆయన మాస్టారు" అన్నది తెలుగులో క్రియ లేకుండానే పూర్తి వాక్యం, వాడు ఆ సంగతి తెలిసే రాశాడు. 'ఎక్స్‌ప్లెయిన్ మీ' అన్న పిల్ల కూడా లెక్క తప్పలేదు. నాకు చెప్పు, నాకు వివరించు అని మనం రెంటికీ ఒకటే కట్టు వాడతాం. ఇంగ్లీషులో టెల్ పక్కన మీ నేరుగా కూర్చుంటుంది, ఎక్స్‌ప్లెయిన్ మాత్రం నడుమ 'టు' లేనిదే ఒప్పుకోదు. "దాని గురించి చర్చించాం" అనడం అలవాటైనవాడు 'డిస్కస్డ్ అబౌట్' అనక ఏమంటాడు? నీళ్లు వచ్చాయి, పాలు పొంగాయి అంటూ బహువచనంలో పెరిగిన పిల్లకు వాటర్, మిల్క్ ఏకవచనమంటే నమ్మబుద్ధి కాదు. "వానొస్తోంది" అంటే ఇంగ్లీషులో 'ఇట్' అనే ఊరూ పేరూ లేని కర్తను తెచ్చి పెట్టాలి. మన క్రియ వచ్చాను, వచ్చావు అంటూ కర్తను తనలోనే మోస్తుంది గనుక మనకు కర్తను చెప్పకపోయినా చెల్లుతుంది. వాళ్ల 'కేమ్' ఎవరు వచ్చారో చెప్పదు.

సకారం తిప్పలు ఇంకా ఘోరం. నామవాచకానికి తగిలిస్తే చాలామంది, క్రియకు తగిలిస్తే ఒక్కడే. బాయ్స్ రన్, బాయ్ రన్స్. 'ఎస్ వస్తే బహువచనం' అని బుద్ధిగా కంఠస్థం చేసినవాడే 'దే రన్స్' అని రాస్తాడు.

ఇలాంటి చిక్కులు విప్పడానికి జీవితం ధారపోసిన ఇంగ్లీషాయన ఎ.ఎస్. హార్న్‌బీ. ఆయన 1924లో పాఠం చెప్పడానికి జపాన్ వెళ్లాడు. జపనీస్‌లోనూ మనలాగే క్రియ చివర వస్తుంది, ఎ, ది లాంటివి ఉండవు. అక్కడి విద్యార్థులకు అర్థాలు చెబితే సరిపోదని, ఒక్కో క్రియ ఏయే కట్టులో వాడతారో కూడా చెబుతూ ఇద్దరు సహచరులతో కలిసి నిఘంటువు తయారు చేశాడు. 1942లో టోక్యోలో అచ్చయిన ఆ పుస్తకాన్ని 1948లో ఆక్స్‌ఫర్డ్ వేసుకుంది. విద్యార్థుల బల్లల మీద నేటికీ కనబడే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం అదే. 1954లో ఇంగ్లీషు క్రియల నడకను 25 నమూనాలుగా విడదీసి వేరే పుస్తకమే రాశాడు. అంతకు వందేళ్లకు పైగా ముందే, 1840లో, మన వాక్యం కట్టుబడిని ఇంగ్లీషువాళ్లకు చెప్పడానికి బ్రౌను తెలుగు వ్యాకరణం రాసి పెట్టాడు. ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ దారి వేసినవాళ్లిద్దరూ పరాయిభాష మధ్య బతికినవాళ్లే.

మరి మన బడుల్లో ఏం జరుగుతోంది? వీ వన్, వీ టూ, వీ త్రీ. గో, వెంట్, గాన్ అని మార్కాపురం పలక మీద దిద్దిన తరం వల్లెవేసింది, ట్యాబ్ పట్టిన తరమూ వల్లెవేస్తోంది. క్రియకు మూడు రూపాలు నోటికి వస్తున్నాయి. దాని ముందు ఏది ఉండి తీరాలో, వెనక ఏది రావచ్చో, ఏది రాకూడదో రావడం లేదు. రూపాలు వచ్చినవాడు పరీక్ష రాస్తాడు, కట్టు తెలిసినవాడే మాట్లాడతాడు.

అయ్యవార్లకు ఒక్క మనవి. బోర్డు మీద క్రియను ఒంటరిగా రాయకండి. ఎక్స్‌ప్లెయిన్ అని రాస్తే పక్కనే 'ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ' అనీ రాయండి, దాని పక్కన తెలుగు వాక్యమూ రాయండి. పిల్లవాడు తప్పు చెబితే నవ్వకుండా, ఆ తప్పు వెనకున్న తెలుగు వాక్యం ఏదో వాడినే అడగండి. అది వాడు చెప్పగలిగితే దిద్దుబాటు సగం అయిపోయినట్టే.